గ్రూపులో జోకు ఎలా వేయాలి, ఎక్కడ ఆపాలి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అడుగుతారు: "మూడో ఫ్లోర్‌లో నీళ్లు రావట్లేదు, మోటారు వేశారా?" వెంటనే ఒక జవాబు పడుతుంది: "స్నానం నిన్ననే చేశారుగా, మళ్లీ ఇవాళెందుకండీ!" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. తర్వాత ఒక బ్రహ్మానందం స్టిక్కర్, దానికి పోటీగా ఇంకొకటి. అరగంట గడిచాక అడిగినావిడ మళ్లీ అదే ప్రశ్న పెడతారు. ఈసారి మాటలో కోపం ఉంటుంది. ఆ కోపం చూసి ఇంకెవరో "అంత టెన్షన్ ఎందుకు మేడమ్" అంటారు. సాయంత్రానికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోతారు. మోటారు వేశారో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

నిజానికి ఆ జోకు మరీ తీసిపారేసేంత చెడ్డదేం కాదు. నీళ్లు వచ్చాక వేసుంటే ఆవిడ కూడా నవ్వేవారేమో. గ్రూపులో జోకుకి ఒక చోటు ఉంటుంది, అది జవాబు తర్వాత. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా జాగ్రత్తలు చాలావరకు వాటంతటవే వస్తాయి.

జోకులు మానేయమని మాత్రం చెప్పను. నవ్వు లేని గ్రూపుని జనం మ్యూట్‌లో పడేస్తారు. అలా పడేసిన గ్రూపులో రేపు పొద్దున కరెంటు ఉండదన్న కబురు కూడా ఎవరూ చూడరు. పనికొచ్చే గ్రూపు బతకాలన్నా కాస్త సరదా కావాల్సిందే.

ఎవరెవరు చదువుతారో చూసుకోండి

గ్రూపు పేరు మీద నొక్కి, సభ్యుల జాబితా ఒకసారి పైనుంచి కింది దాకా చూడండి. అతిగా అనిపిస్తుంది కానీ రెండు నిమిషాల పని. ఏ గ్రూపులోనైనా రోజూ మాట్లాడేది ఏడెనిమిది మంది. మిగతావాళ్లు చదివి ఊరుకుంటారు. జోకు టైప్ చేసేటప్పుడు మన మనసులో ఉండేది ఆ ఏడెనిమిది మందే. నొచ్చుకునేవాళ్లు చాలాసార్లు ఆ మిగతావాళ్లలో ఉంటారు. నొచ్చుకున్నట్టు చెప్పరు కూడా.

ఫ్యామిలీ గ్రూపులో ఇది ఇంకాస్త చిక్కు. ఎవరితో సరసమాడొచ్చో, ఎవరితో ఆడకూడదో మన ఇళ్లలో వరసే చెబుతుంది. బావని ఏడిపించొచ్చు. బావమరిదిని ఆటపట్టించొచ్చు. వదినా మరదళ్లు ఒకళ్లనొకళ్లు ఎంత మాటైనా అనుకుంటారు. పెళ్లిళ్లలో వియ్యాలవారిని వెక్కిరించడానికి పాటలే ఉన్నాయి. అదే మాట బాబాయిని అంటే పెద్దంతరం చిన్నంతరం లేదంటారు. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఈ లెక్క మనకి తెలియకుండానే నడిచిపోతుంది. బావ చెవిలో చెప్పే మాట మామయ్య గదిలోకి రాగానే ఆగిపోతుంది. గ్రూపులో అలా కుదరదు. బావ, మామయ్య, బావ వాళ్ల అత్తగారు, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కొత్త కోడలు, అందరూ ఒకే గదిలో ఉంటారు. డల్లాస్‌లో ఉన్న పిన్ని మనం పడుకున్నాక చదువుతుంది. మనం లేచేసరికి గొడవ సగం అయిపోయి ఉంటుంది.

అందుకని ఇలా చేయండి. బావ మీద వేసే జోకు ఆయన అత్తగారు చదివినా ఫర్వాలేదనిపిస్తే గ్రూపులో పెట్టండి. సందేహంగా ఉంటే బావకి విడిగా పంపండి. నవ్వు అక్కడా వస్తుంది.

టెన్త్ బ్యాచ్ గ్రూపుల్లో ముప్పై ఏళ్ల కిందటి నిక్‌నేమ్‌లు బయటికొస్తాయి. "ఒరే నత్తిగా", "ఏమే బండదానా" అని పలకరింపులు. ఆ రోజుల్లో ఆ పిల్లాడు ఎదురు చెప్పలేక నవ్వి ఊరుకున్నాడు. దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేయకండి. తను తనని ఆ పేరుతో పిలుచుకుంటున్నాడేమో చూడండి. పిలుచుకుంటే మీరూ పిలవండి. లేదంటే ఇంటిపేరుతోనో అసలు పేరుతోనో సరిపెట్టండి. ఇక లెక్కల మాస్టారిని గ్రూపులో చేర్చాలనుకుంటే చేర్చేవాళ్లు ముందురోజే అందరికీ చెప్పాలి, ఆయన నడక మీద పాత వీడియోలు తీసేయడానికి టైమ్ ఇవ్వాలి.

పైన ఏముందో చదివాకే వేయండి

కనీసం పది మెసేజ్‌లు పైకి జరిపి చూడండి. "తాతగారు ఇక లేరు", "ఓం శాంతి", "ఓం శాంతి" అని వస్తున్న వరస మధ్యలో మొగుడూ పెళ్లాల జోకు పడటం చూడని ఫ్యామిలీ గ్రూపు ఉండదు. వేసినవాళ్లు రాతిగుండె మనుషులేం కాదు. ఫార్వర్డ్ చేసేటప్పుడు గ్రూపు తెరవకుండానే ఒకేసారి ఐదు చోట్లకి పంపొచ్చు. అక్కడ ఏం జరుగుతోందో వాళ్లు చూసే ఉండరు. కాబట్టి ఫార్వర్డ్ అయినా సరే, గ్రూపు తెరిచి, చదివి, అప్పుడు పంపండి.

చావు కబురు తర్వాత ఎన్నాళ్లు ఆగాలి? పెద్ద గ్రూపైతే ఆ ఒకటి రెండు రోజులు చాలు. దగ్గరి బంధువుల గ్రూపైతే పెద్దకర్మ అయ్యేదాకా ఆగడం మర్యాద. ఆ ఇంటివాళ్లే ముందుగా తాతగారి చమత్కారం ఏదో గుర్తు చేసుకుని నవ్వితే, ఇక మీకూ దారి తెరుచుకున్నట్టే.

ముందు జవాబు చెప్పండి

ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు తెలిసినవాళ్లు జవాబు చెప్పి, అదే మెసేజ్‌లో చివర జోకు వేయొచ్చు. "మోటారు ఇప్పుడే వేశారు, పది నిమిషాల్లో పైకెక్కుతాయి. అందాకా బకెట్ ముందు కూర్చుని తపస్సు చేసుకోండి." ఇందులో సమాచారం ఉంది, సరదా కూడా ఉంది. అడిగినావిడకి ఏ నష్టమూ లేదు. జవాబు తెలియనివాళ్లు తెలిసినవాళ్లు మాట్లాడేదాకా ఆగాలి. ఇదే కష్టమైన భాగం. జవాబు వెతకాలంటే వాచ్‌మన్‌కి ఫోన్ చేయాలి, జోకైతే అక్కడికక్కడే తడుతుంది. అందుకే ఏ ప్రశ్న కిందైనా జోకులే ముందు చేరతాయి. చేరాక వాటిని చూసి నవ్వడానికి పదిమంది వస్తారు, ప్రశ్న పైకి జరిగిపోతుంది. తర్వాత గ్రూపు తెరిచినవాళ్లకి నవ్వులే కనిపిస్తాయి. మోటారు సంగతి తెలిసిన మనిషి కూడా ఏదో సరదా నడుస్తోందనుకుని మూసేస్తాడు.

ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద చర్చావేదికలు నడిపినవాళ్లకి ఈ తలనొప్పి మనకంటే ముందే వచ్చింది. 1997లో మొదలైన స్లాష్‌డాట్ అనే టెక్నాలజీ వార్తల సైటులో పాఠకులే ఒకరి వ్యాఖ్యలకి ఒకరు మార్కులు వేసుకుంటారు. సమాచారం ఉందని ఒక మార్కు, లోతుగా ఉందని ఒక మార్కు, నవ్వొచ్చిందని ఒక మార్కు. ఇలా వచ్చిన మార్కులు రాసినవాళ్ల ఖాతాలో చేరతాయి. ఆ ఖాతాకి వాళ్లు పెట్టిన పేరు కర్మ. నిర్వాహకులు చేసిన పని ఏమిటంటే, నవ్వు మార్కు పడితే వ్యాఖ్య పైకి వెళ్తుంది కానీ రాసినవాళ్ల కర్మ పెరగదు. నవ్వించు, సంతోషం, దాంతో పరపతి మాత్రం రాదు అన్నమాట. జోకుకీ సమాచారానికీ ఒకటే ప్రతిఫలం ఉంటే అందరూ తేలికైన దారే పడతారని వాళ్లకి అర్థమైంది.

రెడిట్‌లో చరిత్రకారుల్ని ప్రశ్నలడిగే ఆస్క్‌హిస్టోరియన్స్ ఇంకా కఠినం. ప్రశ్న కింద జవాబు స్థానంలో ఉత్త జోకు పెడితే తీసేస్తారు. సరైన జవాబు రాసి అందులో చమత్కారం చేస్తే ఎవరూ అడ్డుపడరు.

నాకు బాగా నచ్చేది స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2009లో వచ్చిన ఒక జవాబు. ప్రోగ్రామర్లు పని సందేహాలు అడిగే చోటు అది. కబుర్లకీ జోకులకీ అక్కడ పెద్దగా ఆదరణ ఉండదు. వెబ్ పేజీ కోడ్‌లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల వరసని వెతికే సూత్రంతో, పట్టడం ఎలా అని ఎవరో అడిగారు. అప్పటికే ఎందరో అడిగిన ప్రశ్నే. దానికి ఒకాయన "అలా కుదరదు" అంటూ మొదలుపెట్టి, వాక్యం వాక్యానికీ పూనకం పెంచుకుంటూ పోయి, చివరికి అక్షరాలే కరిగి కింద పడుతున్నట్టు రాశాడు. అంత వెర్రిలోనూ అసలు విషయం తప్పలేదు. ఆ పద్ధతి ఎందుకు పనికిరాదో చెప్పాడు, చివర్లో ఆ పనికి తగిన సాధనం, ఎక్స్‌ఎంఎల్ పార్సర్, వాడి చూశారా అని అడిగాడు. తర్వాత దాన్ని ఎవరూ మార్చకుండా తాళం వేశారు కానీ తీసేయలేదు. లోపల పనికొచ్చే మాట ఉంటే ఎంత కఠినమైన చోటైనా జోకు నిలబడుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కొన్ని ప్రశ్నలకి జవాబు తర్వాత కూడా జోకు వద్దు. రక్తం కావాలని అడిగినప్పుడు, ఉద్యోగం పోయిందని రెఫరెన్స్ అడిగినప్పుడు, పిల్లాడు ఇంకా ఇంటికి రాలేదని అడిగినప్పుడు. పని అయిపోయి ఆ మనిషే "హమ్మయ్య" అన్నాక చూసుకోవచ్చు.

వెటకారం అక్షరాల్లో అందదు

ఇది చదువురానివాళ్ల సమస్య అనుకోకండి. 1982లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ వాళ్లు తమ కంప్యూటర్ నోటీసు బోర్డులో భౌతికశాస్త్రం పజిళ్లు వేసుకుంటున్నారు. తెగిపడే లిఫ్టులో కొవ్వొత్తి వెలుగుతుంటే ఏమవుతుంది, పాదరసం చుక్క ఉంటే ఏమవుతుంది అని. వాటిని ఆధారం చేసుకుని ఒకరు సరదాగా ప్రకటన పెట్టారు: భౌతికశాస్త్ర ప్రయోగం వల్ల ఒక లిఫ్టులో పాదరసం ఒలికింది, కాస్త కాలింది కూడా అని. ముందు నడిచిన పజిళ్లు చూడనివాళ్లు నిజమేననుకుని కంగారుపడ్డారు. అప్పుడు జోకులకి గుర్తు పెట్టాలని చర్చ మొదలైంది. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యుడు కోలన్, చిన్న గీత, బ్రాకెట్ కలిపి పక్కకి తిప్పిన నవ్వుముఖాన్ని ప్రతిపాదించాడు. ఇవాళ మన ఫోన్లలో ఉన్న నవ్వు బొమ్మలకి పెద్దన్న అదే. ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే రంగంలో పనిచేసే మేధావులకే జోకు జోకని తెలియలేదు.

2005లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా పంపించి, అవతలివాళ్లు పోల్చగలరా అని పరీక్షించారు. పంపినవాళ్లు దాదాపు 78 శాతం పోలుస్తారనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు 73 శాతం పోల్చారు, అంచనాకి దగ్గరే. ఈమెయిల్‌లో చదివినప్పుడు 56 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా సగం కరెక్టవుతాయి కదా! మనం రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూ ఉంటుంది, చదివేవాళ్లకి అది వినపడదు.

తెలుగులో ఇంకో అదనపు ఇబ్బంది ఉంది. మన వెటకారంలో మర్యాద పెరిగేకొద్దీ కారం పెరుగుతుంది. "తమరు సెలవిచ్చారు కదా", "ఎంత బాగా చేశారండీ" లాంటివి గోదావరి జిల్లాల్లో సాగదీసి అంటే చంటిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. అక్షరాల్లో ఆ సాగదీత లేదు. రోమన్ లిపిలో టైప్ చేస్తే ఉన్న దీర్ఘాలు కూడా పోతాయి. దీంతో రెండు రకాల నష్టం. పెద్దాయన మీ ఎత్తిపొడుపుని పొగడ్తనుకుని "ధన్యవాదాలు నాయనా" అంటారు, చూసేవాళ్లు ముసిముసిగా నవ్వుతారు, ఆయనకి రేపెప్పుడో తెలుస్తుంది. రెండోది, రోజూ వెటకారం చేసే మనిషి ఒకనాడు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నా ఎవరూ నమ్మరు. మెయింటెనెన్స్ లెక్కలు నెలంతా కూర్చుని రాసిన సెక్రటరీకి మీరు "చాలా బాగా రాశారండీ" అంటే, ఆయన మర్నాడు రాజీనామా ఇచ్చే ప్రమాదం ఉంది.

పంపే ముందు రాసిన మాటని రేడియోలో వార్తలు చదివినట్టు, ఏ ఒంపూ లేకుండా ఒకసారి పైకి చదవండి. అప్పుడు కూడా జోకులాగే ఉంటే పంపండి. తిట్టులా వినిపిస్తే మార్చండి. మార్చడానికి ఒక సులువైన మార్గం, అతిశయోక్తి. "లిఫ్టు బాగుచేయడం లేటైంది" అని మూతి తిప్పే బదులు "మా మనవళ్ల పెళ్లికైనా లిఫ్టు తిరుగుతుందని ఆశిస్తున్నాం" అంటే ఎవరికీ అనుమానం రాదు. గొంతులోనే ఉన్న జోకైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. నవ్వు బొమ్మ ఒకటి తగిలిస్తే సరిపోతుందనుకోవద్దు. పుల్లవిరుపు మాట చివర నవ్వు బొమ్మ పెడితే మాట మెత్తబడదు, పెట్టినవాళ్లకి మాత్రం తప్పించుకునే దారి దొరుకుతుంది. పైగా కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మని ఏడుపనుకుని చావు కబురు కింద పెట్టే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. బొమ్మల భాష అందరికీ ఒకటి కాదు.

ఎవరి మీద వేస్తున్నారు?

అన్నిటికంటే సురక్షితం మన మీద మనం వేసుకోవడం. దాని తర్వాత అందరూ కలిసి పడే బాధ మీద: లిఫ్టు, ట్రాఫిక్, నీళ్ల ట్యాంకర్, రాత్రి పదకొండింటికి డ్రిల్లింగ్ మెషీన్. ఆ తర్వాత, మీరు ఒకటంటే తను రెండు అనగల స్నేహితుడి మీద. అక్కడితో ఆపేయడం మంచిది.

తిరిగి అనలేని మనిషి మీద వేయొద్దు. వాచ్‌మన్ గ్రూపులో ఉండడు. ఇళ్లలో పనిచేసే ఆవిడ ఉండదు. వాళ్ల మాట తీరు మీద, చదువు మీద నడిచే జోకులు గ్రూపులో అందరికీ నవ్వు తెప్పిస్తాయి, ఎందుకంటే నొప్పి పడేవాళ్లు అక్కడ లేరు. ఆఫీసు గ్రూపులో మేనేజర్ కింద ఉద్యోగి మీద వేసే జోకూ ఇలాంటిదే. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. మేనేజర్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీ జోకు కింద పడిన నవ్వు బొమ్మల్లో సగం జీతం కోసం నవ్వినవి.

యాస మీద జోకులు మన రెండు రాష్ట్రాల గ్రూపుల్లో పాత జబ్బు. చాలా ఏళ్లపాటు తెలుగు సినిమా తెలంగాణ యాసని, ఉత్తరాంధ్ర యాసని రౌడీలకీ కమెడియన్లకీ అంటగట్టింది. ఆ కోపం ఊరికే పోలేదు. మీ యాసలో మీరు జోకు వేస్తే దానికి రుచి ఉంటుంది. పక్కవాళ్ల యాసని అనుకరిస్తే ఎంత బాగా అనుకరించినా వెక్కిరింతే. కులం మీద అసలు వద్దు. ఇంటిపేరు మీద, తిండి మీద చాటుగా వేసినా వద్దు. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో కించపరిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద కేసవుతుంది. అప్పుడు "సరదాకి అన్నాను" అన్న మాట పోలీస్ స్టేషన్‌లో చెప్పుకోవాలి.

భార్యల మీద జోకుల సంగతి. ఇవి చెప్పేవాళ్లకి ఎందుకో ఎప్పటికీ విసుగు రాదు. మీ గ్రూపులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమంది నోరు విప్పుతున్నారో లెక్కేయండి. సగం మంది ఆడవాళ్లుండి, మాట్లాడేది మగవాళ్లే అయితే కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకుని ఊరుకోవడానికీ లేదు. సర్దార్జీ జోకుల్ని నిషేధించాలని సుప్రీంకోర్టుకి వెళ్తే, పౌరులకి నైతిక నియమాలు తాము నిర్దేశించలేమని 2017లో కోర్టు చెప్పింది. ఇంటర్నెట్‌లో చిరాకు పుట్టించే మాటలకి కూడా కేసు పెట్టే వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని అంతకుముందే, 2015 మార్చి 24న కొట్టేసింది. పరువునష్టం, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం లాంటి నేరాలు మాత్రం భారతీయ న్యాయ సంహితలో అలాగే ఉన్నాయి. ఈ రెంటికీ మధ్యలో ఉన్న చాలా పెద్ద జాగాలో మర్యాద ఒక్కటే దిక్కు.

సొంత సరుకు వాడండి

ఫార్వర్డ్ జోకు అప్పటికే నాలుగు గ్రూపుల్లో చూసి ఉంటారు. దానికంటే మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు మీద మీరు వేసిన నాసిరకం జోకు నయం. అది మీవాళ్లకే అర్థమవుతుంది కాబట్టి మీవాళ్లకి నచ్చుతుంది. స్టిక్కర్లు మితంగా వాడండి. బ్రహ్మానందం ముఖంలో లేని భావం లేదు, నిజమే, అయినా వరసగా ఆరు పెడితే ఏడోది ఎవరూ చూడరు. జోకు పేలకపోతే వివరించకండి. పేలితే సాగదీయకండి. మీ జోకు మీద ఇంకొకరు ఇంకా మంచిది వేస్తే నవ్వి వదిలేయండి, గెలవాలని చూడకండి.

తేడా కొడితే

వాట్సాప్‌లో మెసేజ్ మార్చుకోవడానికి పావుగంట టైమ్ ఉంటుంది. అందరికీ కనపడకుండా తీసేయడానికి సుమారు రెండున్నర రోజులుంటుంది. తీసేస్తే తీసేసినట్టు గుర్తు మిగులుతుంది, ఈలోపు ఎవరో స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు. కాబట్టి గప్‌చుప్‌గా తీసేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటే కుదరదు. మాట ఎక్కడ అన్నారో అక్కడే, గ్రూపులోనే, ఒక్క వాక్యం రాయండి: "నేను వేసిన జోకు బాగాలేదు, తీసేశాను. శ్రీదేవి గారూ, సారీ అండి." అంతే. తర్వాత ఆవిడకి ఫోన్ చేయండి. పెద్దవాళ్లయితే, అదే బిల్డింగ్‌లో ఉంటే, వెళ్లి కనపడండి.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. "ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి" అనొద్దు, నొచ్చుకున్నది ఎవరో అందరికీ తెలుసు. "జోకుని జోకులా తీసుకోవాలి" అనొద్దు. "నా ఉద్దేశం అది కాదు" అని పది లైన్లు రాయొద్దు. క్షమాపణలో ఇంకో జోకు కలపొద్దు, చాలామందికి ఆ చెయ్యి ఆగదు.

మీ మీద ఎవరైనా వేస్తే, అది నొప్పించనిదైతే మీరే ముందు నవ్వేయండి, అంతటితో తేలిపోతుంది. నొప్పిస్తే గ్రూపులో జవాబివ్వకుండా వేసిన మనిషికి విడిగా రాయండి: "ఆ మాట నాకు నచ్చలేదు, తీసేస్తారా?" చాలామంది తీసేస్తారు. గ్రూపులోనే అడిగితే పదిమంది ముందు తగ్గడం ఇష్టంలేక మొండికేస్తారు. విడిగా చెప్పినా వినకపోతే అడ్మిన్‌కి చెప్పండి.

అడ్మిన్లకి

"జోకులు నిషేధం" అని పెట్టకండి. వారం కూడా నిలవదు, పైగా దాన్ని ఉల్లంఘించడమే ఒక ఆట అయిపోతుంది. దానికి బదులు జోకులకి చోటు చూపించండి. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో నియమాలు రాసే ఇంజనీర్లు ఈ పని అందంగా చేశారు. వాళ్ల పత్రాలంత పొడిగా ఉండేవి ఇంకేవీ ఉండవు. అయినా ఏప్రిల్ 1వ తేదీ వేసి, అచ్చం అసలు పత్రాల పద్ధతిలోనే తమాషా పత్రాలు విడుదల చేస్తుంటారు. 1990లో వచ్చిన పత్రం పావురాల కాళ్లకి కట్టి డేటా పంపడం ఎలాగో చెబుతుంది. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది, అదీ సుమారు గంట నుంచి గంటా ముప్పావు దాకా తీరిగ్గా. మిగతా రోజుల్లో వాళ్ల పని పనిలాగే సాగింది. ఏప్రిల్ 1 అని పైన రాసి ఉంది కాబట్టి నిజమని నమ్మి మోసపోవాల్సిన పని ఎవరికీ లేదు.

అపార్ట్‌మెంట్‌కైతే రెండు గ్రూపులు పెట్టండి. నోటీసులకి ఒకటి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ ఉంటుంది. కబుర్లకి ఇంకొకటి. మధ్యలో సందేహాలకి మూడోది కూడా పెట్టేవాళ్లున్నారు కానీ, మూడు గ్రూపులైతే జనం మూడింటినీ మూసేస్తారని నా అనుమానం. గ్రూపు వివరణలో ఒక వాక్యం చాలు: "ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా జోకులు ఆపుదాం." పది నియమాల జాబితా రాస్తే ఎవరూ చదవరు.

ఎవరైనా గీత దాటితే ముందు విడిగా చెప్పండి, పెద్దాయనైతే ఫోన్‌లో చెప్పండి. 2022 నుంచి అడ్మిన్లు ఇతరుల మెసేజ్‌ని కూడా తీసేయొచ్చు. తీసేసి, తీసేశానని చెప్పండి. గొడవ ముదిరితే ఒక రాత్రి గ్రూపుకి తాళం వేసి పొద్దున్నే తీయండి. అంతకంటే ఎక్కువసేపు వేస్తే పక్కన ఇంకో గ్రూపు పుడుతుంది, అందులో జోకులన్నీ మీ మీదే. సభ్యులు పెట్టిన ప్రతి మెసేజ్‌కీ తాము జైలుకెళ్తామని కొందరు అడ్మిన్లు భయపడుతుంటారు. ఇతరులు పెట్టినదానికి, అందులో తన పాత్ర లేకపోతే, అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కాబట్టి భయంతో ప్రతి నవ్వునీ నొక్కేయనక్కర్లేదు.

ఇంకొక పని చేయొచ్చు. గ్రూపులో బాగా నవ్వించే మనిషిని రెండో అడ్మిన్‌గా పెట్టండి. "ఇక చాలు బాబూ" అని సెక్రటరీ అంటే పెత్తనంలా ఉంటుంది, ఆ మనిషి అంటే జనం వింటారు. ఎవరి జోకు ఎటు పోతోందో ఆయనకి మీకంటే ముందు తెలుస్తుంది కూడా. ఆయన జోకులు కాస్త తగ్గుతాయి, దానికి సిద్ధపడండి.